చిలకపచ్చ పోగులు

పాలిస్టర్ బట్టలతో ల్యాబులో ఎవరూ అడుగు పెట్టకూడదని నేను నియమం పెట్టిన రోజు మా ల్యాబ్ అసిస్టెంటు నన్ను ఎగాదిగా చూశాడు. హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునే నాకు అంత అధికారం ఎవరిచ్చారన్నట్టు ఉంది ఆ చూపు. "అయితే నేను పంచె కట్టుకోని రావాల్నా మేడమ్?" అన్నాడు. "పంచెల్లో కూడా ఇప్పుడు సగం పాలిస్టరే కలుపుతాండారు. అగ్గిపుల్ల పెట్టి చూసుకోని రా" అన్నాను. ఆయన మూతి ముడుచుకుని కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. నాకూ పంతమే, నేనూ మాట్లాడలేదు.

ఆ నియమం ఊరికే పెట్టలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలో కొళాయి నీళ్లు, చెరువు నీళ్లు తెచ్చి, వాటిలో కంటికి ఆనని ప్లాస్టిక్ నలకలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టే చిన్న పని ఒకటి మేం తలకెత్తుకున్నాం. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది కానీ, చేసేది చాలావరకు వంటింటి పనే. గాజు సీసాల్లో నీళ్లు పట్టాలి. సన్నటి వడపోత కాగితం మీద ఆ నీళ్లు పోయాలి. కాగితం మీద మిగిలిన దాంట్లో బురద, నాచు, పురుగు కాళ్లు, అన్నీ ఉంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి సన్నటి సెగ మీద ఉంచితే నాచూ పురుగులూ కరిగిపోతాయి. తర్వాత జింక్ క్లోరైడ్ అనే ఉప్పు బాగా దట్టించిన నీళ్లలో వేస్తే మట్టి అడుగుకు పోతుంది, ప్లాస్టిక్ చాలావరకు పైకి తేలుతుంది. ఆ తేలినదాన్ని మళ్లీ వడగట్టి మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో పోగునూ వెతుక్కుంటూ కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో నడుము విరుగుతుంది.

పోగు కనిపించగానే ప్లాస్టిక్ అనేయకూడదు. సూదిని ఎర్రగా కాల్చి దాని దగ్గరికి తీసుకుపోవాలి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని కరుగుతుంది. నూలు అయితే కరగదు. అప్పటికీ అనుమానం తీరకపోతే బెంగళూరు పంపిస్తాం. అక్కడ వెలుగును పంపి అది ఏ పదార్థమో చెప్పే యంత్రం ఉంది. నేను ధర్మవరం నేతగాళ్లింటి పిల్లను కాబట్టి ఈ సూది పరీక్ష నాకు వింతగా అనిపించలేదు. మా నాయన కొత్త పట్టు తెచ్చినప్పుడల్లా ఒక పోగు కాల్చి వాసన చూసేవాడు. వెంట్రుక కాలిన కంపు వస్తే అసలైన పట్టేనని ఆయన మొహం విప్పారేది.

అసలు తలనొప్పి నీళ్లతో కాదు, మాతో. మా బట్టల నుంచి, గాలిలో నుంచి పోగులు రాలి వడపోత కాగితం మీద పడతాయి. అందుకని ప్రతిసారీ శుభ్రమైన నీళ్లతో ఒక ఖాళీ పరీక్ష కూడా చేస్తాం. మొదటి నుంచి చివరి దాకా అదే పని, కానీ అందులో ఊరి నీళ్లు ఉండవు. దాంట్లో ఏమైనా కనిపిస్తే అది మా మురికే. మొదటి ఖాళీ పరీక్షలో ధర్మవరం చెరువులో కంటే ఎక్కువ పోగులు కనిపించాయి. సగం నా ఎర్ర చున్నీవి! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మర్నాడే నియమం పెట్టాను.

ఈ సంగతి పెనుకొండలో మా అత్తగారి చెవిన పడింది. మా అత్తకు బస్టాండు దగ్గర చలివేంద్రం ఉంది. శివరాత్రి పోయాక కొబ్బరి మట్టల పందిరి వేసి, ఇసుక పరిచి, దాని మీద పెద్ద మట్టికుండలు పెట్టి, వానలు పడేదాకా వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోస్తుంది. చందా డబ్బా లేదు, బోర్డు లేదు, ఎవరి పేరూ లేదు. మామ మంచాన పడినప్పుడు ఇంట్లో ఊపిరాడక వాకిట్లో ఒక కుండ పెట్టుకుని కూర్చుందట. ఆయన పోయాక కుండ వీధిలోకి, వీధిలో నుంచి బస్టాండుకి వచ్చింది. ఇప్పుడు ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోయే పిల్లల దగ్గర నుంచి సోమందేపల్లి సంతకు పోయే ముసలివాళ్ల దాకా ఆమెను నీళ్లవ్వ అంటారు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆమె తిరిగి చూడదేమో.

"ఊర్లో అందరి నీళ్లూ సీసాల్లో పట్టుకపోతాండావంట. నా నీళ్లేం పాపం చేసినాయమ్మీ?" అని ఒక ఆదివారం నిలదీసింది.

"నీ నీళ్లకేమత్తా. నువ్వు వడగట్టినంత మా ల్యాబులో కూడా వడగట్టం."

"అదే రాసుకో మల్ల. పెనుకొండ బస్టాండు కాడ ముసల్దాని నీళ్లు శానా శుద్ధంగా ఉండాయని పుస్తకంలో రాయి."

ఆమె శుభ్రం అలాంటిలాంటిది కాదు. పొద్దున్నే కుండలు కడిగి, మూతికి గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టి, కొళాయి నీళ్లు దాని మీద నుంచి పోస్తుంది. సాయంత్రం ఆ గుడ్డ విప్పి బండ మీద సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్ది రుద్ది ఎండలో ఆరేస్తుంది. ఒక్క నలక కనిపించినా కుండ నీళ్లు మొత్తం పారబోస్తుంది. ఈ ఊళ్లలో అన్నిటికంటే తక్కువ ప్లాస్టిక్ ఆమె కుండలోనే దొరుకుతుందని నాకు నమ్మకం. నిజం చెప్పాలంటే, ఆ ఫలితాన్ని మా స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకోవాలని కూడా ఉంది. నవ్వుతూ సీసాలు నింపుకుని బస్సెక్కాను.

మైక్రోస్కోపులో ఆమె నీళ్లు చూసి నా నవ్వు ఆగిపోయింది. కాగితం నిండా చిలకపచ్చ పోగులు. చెరువు నీళ్లలో కూడా మాకు అన్ని కనిపించలేదు. సీసా సరిగా కడగలేదేమో అనుకున్నాను. ఖాళీ పరీక్ష చూస్తే బాగానే ఉంది. మళ్లీ పెనుకొండ పోయి, ఈసారి కొళాయి నీళ్లు ఒక సీసాలో, కుండ నీళ్లు ఒక సీసాలో పట్టుకొచ్చాను. కొళాయి నీళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి. కుండ నీళ్లలో మళ్లీ అదే పచ్చదనం. సూది పెడితే ప్రతి పోగూ ముడుచుకుని కరిగింది. కొళాయికీ కుండకూ మధ్య ఉన్నది ఒక్క గుడ్డే.

ఆ రంగు నాకు తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తల్లో నేనే కొనిచ్చిన చీర అది. చూడటానికి పట్టులా మెరుస్తుంది, ఉతుక్కోవడానికి తేలిక. నాకు ముందు ప్లాస్టిక్ గుర్తుకు రాలేదు, కోపం వచ్చింది. నేను ముచ్చటపడి ఇచ్చిన చీరను చింపి కుండకు కడుతుందా! మా ఆయనతో అంటే, "నువ్వూ మాయమ్మా తేల్చుకోండి, నన్ను లాగొద్దు" అని వాకింగుకు వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతే.

మరుసటి ఆదివారం బస్సు దిగుతూనే అడిగాను. "అత్తా, ఆ కుండ మింద గుడ్డ ఏ చీరది?"

"నువ్విచ్చిందే. గుర్తు పట్టలేదా ఏం?" ఆమె గొంతులో గర్వం.

"నేనిచ్చింది కట్టుకోకుండా కుండకు కడతావా?"

"కట్టుకోకేం! పిగిలిపోయేదంకా కట్టుకున్యా. దాని మాదిరి మెత్తగుండేది నాకింకోటి లేదు. ఊరంతా తాగే నీళ్లకు ఇంట్లో ఉండే మంచిగుడ్డ కట్టాల్నా, చింకిపాత కట్టాల్నా? నువ్వే చెప్పు."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇంత ప్రేమగా కట్టిన గుడ్డ గురించి ఇప్పుడు నేను ఏం చెప్పాలి? చెప్పకుండా ఎలా ఉండాలి? ఎండ చల్లబడి, నీళ్లకు వచ్చేవాళ్లు తగ్గేదాకా ఆమె పక్కన గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను. తర్వాత చెప్పాను.

"అత్తా, ఆ చీర నూలు కాదు, పట్టు కాదు. ప్లాస్టిక్ దారం. బాగా అరిగిపోయింది కాబట్టే అంత మెత్తగుండాది. నువ్వు బండ మింద రుద్దినప్పుడల్లా పోగులు తెగుతాండాయి. పొద్దున నీళ్లు పోస్తే అవన్నీ కుండలోకి దిగుతాండాయి."

"చీర ప్లాస్టిక్కా?" ఆమె తన ఒంటి మీది చీర కొంగు పట్టుకుని చూసింది. "ఇదీ?"

"అదీ అంతే."

"నేను ఎంత బాగా ఉతికితే అన్ని పోగులు రాలినాయా?"

నేను తల ఊపాను. ఆమె కొంగు వదిలేసి కుండల వైపు చూసింది.

"తాగితే ఏమైతాది?"

"ఇంకా ఎవురికీ సరిగా తెలీదత్తా. పరీక్షలు చేస్తానే ఉండారు."

"తెలీదంటే, మంచిదని తెలీదా, చెడ్డదని తెలీదా?"

"రెండూ తెలీదు."

"అంత సదువుకోని ఇదేం మాటమ్మీ!" అని లేచింది. కుండల్లో ఉన్న నీళ్లన్నీ కానుగ చెట్టు మొదట్లో పారబోసింది. ఖాళీ కుండలు ఇసుకలో బోర్లించింది. నేను ఆపబోతే నా చేయి విదిలించుకుంది. "తెలీకుండా తాపినా, సరే. తెలిసినాంక ఎట్ల తాపేది?"

చలివేంద్రం మూతపడింది. ఎండలు మండుతున్న రోజులు. గుడ్డ మారిస్తే సరిపోతుందని ఫోనులో రోజూ చెప్పేదాన్ని. ఆమె వినేది కాదు. "నువ్వు లెక్కేసి, దాంట్లో ఏమీ లేదని నీ నోటితో చెప్పు, అప్పుడు తెరుస్తా" అనేది. తెరవకపోతే ఆమె ఏమవుతుందో నాకు తెలుసు. పందిరి కింద కూర్చున్నంతసేపే ఆమె ఈ ఊరి మనిషి. ఎవరి కూతురికి కాన్పు అయింది, ఏ బస్సు రాలేదు, ఎవరికి ఫ్యాక్టరీలో పని దొరికింది, అన్నీ నీళ్లతో పాటు ఆమె దగ్గరికి నడిచొచ్చేవి. ఇప్పుడు మా మరిది వాళ్ల ఇంట్లో టీవీ ముందు కూర్చుంటోందట. టీవీ చూడటం లేదట, ఊరికే కూర్చుంటోందట. తోటికోడలు ఫోనులో చెప్పింది. అత్త చేతిలో నుంచి కుండ లాక్కున్నది నా మైక్రోస్కోపే కదా.

నూలు గుడ్డ కోసం ధర్మవరం పోయాను. బట్టలు నేసే ఊరు, గుడ్డకేం కరువు అనుకున్నాను. నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి అంగడాయన గుడ్డ తాను పరిచి "ప్యూర్ కాటనమ్మా, కండ్లకద్దుకోవచ్చు" అన్నాడు. నేను అంచున ఒక పోగు లాగి, బయటికి వచ్చి అగ్గిపుల్ల గీసి పెట్టాను. కరిగి నల్లటి పూస కట్టింది, పాలిస్టరే. ఆయనకు చూపించాను. "ఏందమ్మా, గుడ్డ కొనేదానికి వచ్చినావా, అంగడి తగలబెట్టేదానికి వచ్చినావా?" అని కసిరాడు. "ప్యూర్ అన్నెది నువ్వేగదప్పా" అని నేనూ కసిరాను. ఇంకో రెండు అంగళ్లలో అదే తంతు. చివరికి మగ్గాల వీధి చివర ఒక ముసలాయన దగ్గర తెల్లబరచని ముతక నూలు గుడ్డ దొరికింది. కాలిస్తే కాగితం కాలిన వాసన, వేళ్ల మధ్య నలిపితే మెత్తటి బూడిద. ప్రాణం లేచొచ్చింది.

ఆ గుడ్డను ఉడికించి ఉతికి, ల్యాబులోనే మట్టికుండకు కట్టి, పెనుకొండ నుంచి తెచ్చిన కొళాయి నీళ్లు వడగట్టాను. ల్యాబ్ అసిస్టెంటు అప్పటికి అలక మానాడు. నూలు చొక్కా వేసుకుని వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఇద్దరం వంతులవారీగా మైక్రోస్కోపులో చూశాం. చిలకపచ్చ ఒక్కటి లేదు. ఒకటో రెండో నీలం పోగులున్నాయి. ఖాళీ పరీక్షలో కూడా అలాంటివే ఒకటో రెండో ఉన్నాయి. అంటే అవి నీళ్లవో, గాలివో, మావో చెప్పడానికి లేదు. మా లెక్కలో ఇంతకంటే మంచి ఫలితం ఉండదు. నేను ఎగిరి గంతేసి అత్తకు ఫోన్ చేశాను.

"అయితే ఏమీ లేదని చెప్పు" అంది.

"దాదాపు లేనట్టే."

"దాదాపు ఏంది? సున్నా అని చెప్పు."

"సున్నా అని చెప్పలేనత్తా. గాలిలోనే ఉంటాయి. శుద్ధమైన నీళ్లు పెట్టినా ఒకటీ అరా కనిపిస్తాయి."

"అయితే తెరవను" అని ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. అబద్ధం చెప్పేస్తే ఏం పోయె అని కూడా అనిపించింది. ఒక్క మాట, సున్నా. ఆమె పందిరి కింద కూర్చుంటుంది, అందరూ సుఖంగా ఉంటారు. కానీ లెక్కపెడితే రాని సున్నాను వచ్చిందని రాస్తే ఇక ఆ పని చేయడమెందుకు? ఆ మాట నా నోటికి రాలేదు. గుడ్డ సంచిలో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే పెనుకొండ బస్సెక్కాను. ఎదురుగా నిలబడి పోట్లాడితేనైనా వింటుందని నా ఆశ.

అత్త పందిరి కిందే ఉంది. కుండలు బోర్లించి ఉన్నా రోజూ కాసేపు అక్కడికి వచ్చి కూర్చుంటోందట. నేను గుడ్డ తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని వేళ్లతో తడిమింది. "గరుగ్గుండాది" అంది. అంతే. ఇద్దరం చెరో పక్క మొహాలు తిప్పుకుని కూర్చున్నాం.

మడకశిర వైపు నుంచి బస్సు వచ్చింది. నెత్తిన మూట పెట్టుకున్న ఒకామె దిగింది. రొళ్ల అవతల, కర్ణాటక అంచు ఊళ్ల నుంచి వస్తోందేమో, పక్కనున్న ఆమెతో కన్నడం మాట్లాడుతోంది. పందిరి చూసి గబగబా వచ్చి, బోర్లించిన కుండలు చూసి ఆగింది. "నీళ్లు లేవా అవ్వా?" అంది తెలుగులో.

"లేవు తల్లీ."

ఆమె ఎదురుగా ఉన్న అంగట్లోకి పోయింది. అంగడి ముందు ఎండలో నీళ్ల పాకెట్ల మూట పడి ఉంది. అంగడతను అందులో నుంచే ఒకటి తీసి ఇచ్చాడు. ఆమె దాని మూల పంటితో కొరికి, ఊడొచ్చిన ముక్కను ఉమ్మేసి, పాకెట్టు పిండుకుని తాగింది. కొన్ని నీళ్లు మెడ మీదికి కారాయి. గోరువెచ్చగా ఉన్నాయేమో, మొహం చిట్లించింది. ఖాళీ పాకెట్టు కాలువలో పడేసి ఇంకొకటి కొనాలా వద్దా అని కొంగు ముడి తడుముకుంటోంది.

అత్త రెప్ప వేయకుండా చూస్తోంది. "అమ్మీ, ఆ పాకెట్టు ప్లాస్టిక్కే గదా?"

"అవునత్తా."

"ఎండలో పడుండాది గదా. ఆ నీళ్లలో ఉండవా నీ పోగులు?"

"పోగులు కాకపోతే నలకలు. ఉంటాయి."

"నేను పొయ్యకపోతే వీళ్లు తాగకుండా ఉండారా మల్ల?" ఆమె నా వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు. "నాకు లెక్కలు చెప్పొద్దు. పొయ్యమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు."

మేం రాసే నివేదికల్లో అలాంటి మాట ఎక్కడా ఉండదు. ఇంతకంటే ఎక్కువ, అంతకంటే తక్కువ, మరింత పరిశీలన అవసరం, ఇలాగే ముగిస్తాం. చేయండి, మానండి అని ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. నాకు భయం వేసింది. నిజంగా భయం వేసింది. రేపు ఎవరికైనా ఏమైనా అయితే అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆమె నా మొహం చూస్తూనే ఉంది.

"పొయ్యత్తా" అన్నాను.

ఆమె ఇక ఆగలేదు. ఒక కుండ నిలబెట్టి, కడిగి, ఆ గరుకు గుడ్డను తడిపి నాలుగు మడతలు వేసి కట్టింది. నేను కొళాయి దగ్గర నుంచి బిందె మోసుకొచ్చి పోశాను. నూలు గుడ్డలో నుంచి నీళ్లు నిదానంగా దిగాయి. "ఓ తల్లీ, ఇట్ల రా" అని ఆమె అంగడి వైపు కేకేసింది. మూటామె వచ్చింది.

"ముందొక మాట ఇను. ఈ నీళ్లలో కంటికి కనపడని ప్లాస్టిక్కు ఒకటీ అరా ఉండొచ్చునంట. ఇంతకుముందు శానా ఉన్నింది, నాకు తెలీక తాపినా. ఇప్పుడు ఇంతకంటే తగ్గదంట. ఈమె మా కోడలు, ఈమే లెక్కేసింది. ఇష్టముంటేనే తాగు."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వేసింది. "పొయ్యవ్వా. గొంతెండిపోతాండాది." మూట దించి, దోసిలి పట్టి తాగింది. ఊపిరి తీసుకుని మళ్లీ పట్టింది. అత్త పోస్తూనే ఉంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు కూడా నీళ్లు పోసేముందు అదే మాట చెప్పింది. ఒకతను వద్దని వెళ్లిపోయాడు. ఆమె ఏమీ అనుకోలేదు, దోవ ఇచ్చింది.

జనం పలచబడ్డాక స్టీలు గ్లాసు నిండా పోసి నా ముందుకు చాపింది.

"పొయ్యమన్నెది నువ్వు గదా. నువ్వూ తాగు."

ఆ నీళ్లను నేను సీసాల్లో పట్టాను, వడగట్టాను, కాచాను, ఉప్పులో తేల్చాను, సూదితో పొడిచి చూశాను. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తాగి చూడలేదు. గ్లాసు అందుకున్నాను. ఆమె నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండా, నా గొంతు కదిలేదాకా నిలబడింది.